ప్రతివాది మాటకు మన పుస్తకంలో చోటు

(సంఘం వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

పుస్తకాల మీదా, సినిమాల మీదా నిషేధాల గురించి మాట్లాడమని కార్యదర్శిగారు కోరినప్పుడు పని సులువే అనుకున్నాను. చరిత్ర అధ్యాపకుణ్ణి కనుక ఏ పుస్తకాన్ని ఏ సంవత్సరంలో నిషేధించారో వరసగా చెప్పి, మనకు జరిగిన అన్యాయాన్ని తలచుకొని ముగించవచ్చు. కాగితం ముందు కూర్చున్నాక ఒక పాత సంగతి అడ్డం వచ్చింది. దాన్ని దాటేసి మాట్లాడటం నిజాయితీ అనిపించలేదు. అందుచేత ముందు అదే చెబుతాను.

సుమారు పదేళ్ల కిందట నా పూర్వ విద్యార్థులు ఇద్దరు మా స్టాఫ్ రూముకు వచ్చారు. బాబాసాహెబును కించపరుస్తూ ఒక పుస్తకం వెలువడిందనీ, ప్రభుత్వం దాన్ని వెంటనే నిషేధించాలనీ ఒక వినతిపత్రం తయారు చేసుకొచ్చారు. "మీరు సంతకం పెడితే దీనికి బరువుంటుంది సార్" అన్నారు. పుస్తకం వారి దగ్గర లేదు. ఫోనులో ఒక పేజీ ఫొటో ఉంది. అందులో ఎర్ర సిరాతో గీత గీసిన వాక్యాలు మూడు. చదివాను. ఒళ్లు మండిపోయింది. సంతకం పెట్టాను. గంట కొడితే క్లాసుకు వెళ్లాను. ఆనాటి పాఠం చారిత్రక ఆధారాల పరిశీలన. మూలగ్రంథాన్ని స్వయంగా చూడకుండా, ముందువెనకల సందర్భం తెలుసుకోకుండా ఏ వాక్యాన్నీ ఉదాహరించరాదని ఆ పూట డిగ్రీ విద్యార్థులకు నొక్కి చెప్పి వచ్చాను.

కొన్ని నెలల తర్వాత ఒక మిత్రుని ఇంట్లో ఆ పుస్తకం కనిపించింది. ఆ మూడు వాక్యాలు రచయితవి కావు. ఇతరులు ఇలా వాదిస్తారని ముందు చెప్పి, తరువాతి పేజీలో ఆయన వాటికి జవాబిచ్చాడు. జవాబు బలహీనంగా ఉంది, అది వేరే సంగతి. అలాగని పుస్తకం నిర్దోషమైనదని అనను. మరో అధ్యాయంలో పూనా ఒడంబడిక గురించి తేదీలు సైతం తారుమారు చేసి బాధ్యత లేకుండా రాశాడు. మేము కోపగించుకోవలసిన చోటు అది. కోపగించుకున్నది ఇంకొక చోట. ఆ వినతిపత్రం ఏ కార్యాలయంలో ఏ అటకెక్కిందో గాని, పుస్తకం నిషిద్ధం కాలేదు. తప్పుగా రాసిన ఆ అధ్యాయానికి మాలో ఒక్కరమూ సమాధానం రాయలేదు. సంతకంతో మా పని అయిపోయిందనుకున్నాము.

ఇప్పుడు చరిత్రలోకి వెళదాము. ఉత్తరప్రదేశ్‌లో కాన్పూరు ప్రాంతానికి చెందిన లలయీ సింగ్ యాదవ్ గారి పేరు మన తెలుగు బౌద్ధుల్లో వినవలసినంతమంది వినలేదు. ఆయన ఒకప్పుడు గ్వాలియర్ సంస్థానంలో పోలీసు ఉద్యోగి. 1967లో కుశీనగర్‌లో బౌద్ధం స్వీకరించారు. సొంత అచ్చుయంత్రం పెట్టుకొని, చవక ధరకు చిన్న పుస్తకాలు వేసి జనానికి అందించడమే తన జీవితకార్యంగా పెట్టుకున్నారు. పెరియార్ రామస్వామి నాయకర్ రామాయణ విమర్శ ఇంగ్లీషులో 1959లో వెలువడింది. దాని హిందీ అనువాదాన్ని లలయీ సింగ్ 'సచ్చీ రామాయణ్' అనే పేరుతో ప్రచురించారు. 1969 డిసెంబరులో ఉత్తరప్రదేశ్ ప్రభుత్వం ఇంగ్లీషు మూలాన్నీ, హిందీ అనువాదాన్నీ జప్తు చేస్తూ ఉత్తర్వు ఇచ్చింది.

జప్తు అనేది ఎలా జరుగుతుందో కాస్త వివరంగా చెప్పాలి. చాలామంది దాన్ని ఏదో కోర్టు ఇచ్చే శిక్ష అనుకుంటారు. కాదు. నాటి క్రిమినల్ ప్రొసీజర్ కోడ్‌లో 99ఎ అనే సెక్షన్ ఉండేది. ఒక పుస్తకం రాజద్రోహకరంగా ఉందనో, వర్గాల మధ్య వైరం పెంచుతుందనో, ఒక మతం వారి మనోభావాలను బుద్ధిపూర్వకంగా గాయపరుస్తుందనో రాష్ట్ర ప్రభుత్వానికి తోస్తే చాలు, గెజెట్‌లో ప్రకటించి ప్రతులన్నిటినీ స్వాధీనం చేసుకోవచ్చు. ఆ ప్రకటన తర్వాత దేశంలో ఎక్కడ ప్రతి కనబడినా పోలీసు తీసుకుపోవచ్చు. ముందుగా రచయితను పిలిచి అడగరు. ప్రచురణకర్త వాదన వినరు. కావాలంటే అతడే రెండు నెలల లోపల హైకోర్టుకు పోవాలి. అక్కడ ముగ్గురు న్యాయమూర్తుల ప్రత్యేక ధర్మాసనం విచారిస్తుంది. 1973 కోడ్‌లో ఇది 95వ సెక్షన్ అయింది. 2023లో వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహితలో 98వ సెక్షన్. అంకె మారింది, అధికారం మారలేదు. పెద్ద ప్రచురణ సంస్థకైతే వకీళ్లు ఉంటారు. ఊళ్లో అచ్చుయంత్రం పెట్టుకొని తక్కువ ధరకు పుస్తకాలు అమ్మేవాడికి రెండు నెలల్లో హైకోర్టు మెట్లెక్కడమంటే ఏమిటో ఆలోచించండి.

లలయీ సింగ్ ఎక్కారు. ప్రభుత్వం తన ఉత్తర్వుకు అనుబంధంగా ఫలానా పేజీలో ఫలానా పంక్తులు అభ్యంతరకరమని అంకెలు ఇచ్చింది. అవి ఎందుకు అభ్యంతరకరమో, ఎవరి మనోభావాన్ని ఏ విధంగా గాయపరుస్తాయో ఒక్క వాక్యమైనా రాయలేదు. పేజీల అంకెలు కారణాలు కావని అలహాబాదు హైకోర్టు 1971 జనవరిలో మెజారిటీ తీర్పుతో ఉత్తర్వును కొట్టివేసింది. ప్రభుత్వం సుప్రీంకోర్టుకు పోయింది. అక్కడ 1976 సెప్టెంబరు 16న జస్టిస్ కృష్ణయ్యర్ తీర్పు చెప్పారు. ఆ తేదీని గమనించండి. దేశంలో ఎమర్జెన్సీ నడుస్తోంది. పత్రికలు సెన్సారు చేయించుకొని వెలువడుతున్నాయి. అటువంటి రోజుల్లో, పుస్తకాన్ని జప్తు చేసే ప్రభుత్వం తన కారణాలను బహిరంగంగా చెప్పి తీరాలని అత్యున్నత న్యాయస్థానం అన్నది, ప్రభుత్వం అప్పీలును తోసిపుచ్చింది. ఆ తీర్పులో గెలీలియో, డార్విన్‌ల పేర్లు కూడా వస్తాయి.

పెరియార్ చెప్పినది నిజమని ఆ కోర్టు చెప్పలేదు. ఆయన భాష సున్నితమైనదని కూడా చెప్పలేదు. ఆ ప్రశ్నలోకే దిగలేదు. జప్తు చేసే అధికారం రాజ్యానికి అసలు ఉండకూడదని అనలేదు. కారణం చెప్పకుండా లాక్కోవద్దు అన్నది, అంతే. మనవాళ్లు ఈ తీర్పును తలచుకునేటప్పుడు పెరియార్ గెలిచాడని అంటారు. గెలిచింది పాఠకుడు. పెరియార్ తప్పు రాశాడనుకునే పాఠకుడు కూడా అందులో ఉన్నాడు, పుస్తకం చేతికొస్తే గదా తప్పు చూపించగలిగేది.

ఇక బాబాసాహెబు గ్రంథానికి జరిగినది మీలో పెద్దవారికి గుర్తుండే ఉంటుంది. 1987లో మహారాష్ట్ర ప్రభుత్వం ఆయన రచనల నాలుగో సంపుటంగా 'రిడిల్స్ ఇన్ హిందూయిజం' ప్రచురించింది. ఆయన జీవితకాలంలో అచ్చుకు నోచుకోని రాతప్రతి అది. అందులో రాముణ్ణీ కృష్ణుణ్ణీ గురించిన అనుబంధాన్ని తొలగించాలని ఆందోళన లేచింది. గ్రంథప్రతిని తగలబెట్టారు. దానికి జవాబుగా 1988 మొదట్లో బొంబాయి వీధుల్లో లక్షలాది దళితులు కదిలారు. చివరకు కుదిరిన రాజీ ఏమిటంటే, అనుబంధం ఉంటుంది, అందులోని అభిప్రాయాలతో ప్రభుత్వం ఏకీభవించడం లేదని ఒక గమనిక కూడా ఉంటుంది. ఆ గమనిక మనకు అవమానమని అప్పట్లో అన్నవారున్నారు. నేను అలా అనుకోను. 'ఒప్పుకోను, అయినా అచ్చు వేస్తాను' అని ఒక ప్రభుత్వం చేత అనిపించడం చిన్న విషయమా?

తెలుగునాట కూడా ఈ కథ కొత్తది కాదు. ఉన్నవ లక్ష్మీనారాయణ గారి 'మాలపల్లి'ని మద్రాసు ప్రభుత్వం 1923లో నిషేధించింది. మధ్యలో సడలించి, మళ్లీ బిగించి, 1937లో కాంగ్రెసు మంత్రివర్గం ఏర్పడ్డాక గాని పూర్తిగా వదలలేదు. గూడవల్లి రామబ్రహ్మం గారి 'రైతుబిడ్డ' చిత్రం 1939లో జమీందార్ల ఆగ్రహానికి గురై నిషేధం పాలైంది. సినిమాకు మరొక కష్టం ఉంది. పుస్తకాన్ని అచ్చయ్యాక పట్టుకుంటారు, సినిమాను మాత్రం విడుదలకు ముందే చూపించి అనుమతి పొందాలి. 1952 నాటి చట్టం అలా ఉంది. అది రాజ్యాంగబద్ధమేనని 1970లో కె.ఎ. అబ్బాస్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. మొన్న 2025లో మహాత్మా ఫూలే జీవితంపై వచ్చిన హిందీ చిత్రానికి ఏమైందో పత్రికల్లో చదివారు. కొన్ని బ్రాహ్మణ సంఘాలు అభ్యంతరం చెప్పాయి. మహర్, మాంగ్ వంటి కులాల పేర్లనూ, పేష్వాల పాలన ప్రస్తావననూ తీసేయమన్నారు. బానిసత్వం ఎన్ని వేల ఏళ్లదో చెప్పే అంకెను సైతం మార్పించారు. విడుదల రెండు వారాలు వెనక్కి పోయింది. కులం పేరు ఎత్తకుండా ఫూలే కథ చెప్పమనడం, నీళ్ల ఊసెత్తకుండా కృష్ణా డెల్టా చరిత్ర చెప్పమన్నట్టే.

ఇంతవరకు చెప్పినవాటిలో దెబ్బ తిన్నది మనమూ మనలాంటివారూ. అందుకే ఇంతవరకు మీ ముఖాల్లో అభ్యంతరం కనబడలేదు. ఇకమీదట కనబడవచ్చు.

1980ల చివర్లో తమిళంలో 'ఒరే ఒరు గ్రామత్తిలే' అనే సినిమా వచ్చింది. బ్రాహ్మణ కుటుంబంలో పుట్టిన అమ్మాయి షెడ్యూల్డు కులం అమ్మాయిగా చెలామణి అయి ఉద్యోగం సంపాదించడం దాని కథ. కులం ప్రాతిపదికన రిజర్వేషన్లు తగవనేది దాని వాదం. మద్రాసు హైకోర్టు దానికిచ్చిన సర్టిఫికెట్‌ను రద్దు చేసింది. 1989లో సుప్రీంకోర్టు ఆ సర్టిఫికెట్‌ను పునరుద్ధరించింది. ఒక సినిమా మీద గొడవ చేస్తామని కొందరు బెదిరిస్తే, శాంతిభద్రతలు కాపాడలేనని రాజ్యం చేతులెత్తేయరాదని ఆ తీర్పు సారాంశం. గొడవ చేసేవారిని అదుపు చేయాలి, మాట్లాడేవాడి నోరు మూయరాదు. ఈనాడు మనకు ఇష్టమైన పుస్తకం మీద దాడి జరిగినప్పుడల్లా మన వకీళ్లు మొట్టమొదట ఎత్తి చూపే తీర్పు ఇదే. మనకు ఏమాత్రం ఇష్టం లేని సినిమా సంపాదించిపెట్టిన తీర్పు అది.

2011 ఆగస్టులో 'ఆరక్షణ్' అనే హిందీ సినిమాను ఉత్తరప్రదేశ్‌తో పాటు మన ఆంధ్రప్రదేశ్‌లో కూడా నిలిపివేశారు. ఉత్తరప్రదేశ్ ఉత్తర్వును ఆ నెలలోనే సుప్రీంకోర్టు కొట్టివేసింది. సినిమా ఆగిన ఆ రోజుల్లో సంతోషించిన వారిలో నేనూ ఒకణ్ణి. తర్వాత చూశాను. రిజర్వేషన్లను సమర్థించే పాత్రలూ ఉన్నాయి, ఎదిరించే పాత్రలూ ఉన్నాయి, సగం దాటాక కథ కోచింగ్ సెంటర్ల వ్యాపారం మీదికి మళ్లిపోయింది. దీనికోసమా ఇంత చేశామని నవ్వొచ్చింది. నవ్వు వెనకే సిగ్గు కూడా.

ఆరేళ్లకు, 2017లో, కంచ ఐలయ్య గారి చిన్న పుస్తకంపై గొడవ లేచింది. ఒక కులం వారు నొచ్చుకున్నారు, ఆయనకు బెదిరింపులు వచ్చాయి. పుస్తకాన్ని నిషేధించాలన్న పిటిషన్‌ను సుప్రీంకోర్టు తోసిపుచ్చింది. మనం హర్షించాము. సరే. కాని 2011లో ఒక కొలత, 2017లో మరొక కొలత పట్టుకున్న మనిషిని నేను అద్దంలో చూశాను. ఆ మనిషికి ధమ్మం ఏమి చెబుతుంది?

దీఘనికాయంలో మొట్టమొదటిది బ్రహ్మజాల సుత్తం. రాజగృహం నుంచి నాలందకు పోయే దారిలో తథాగతుడు భిక్షుసంఘంతో నడుస్తున్నాడు. వెనకాల సుప్పియుడనే పరివ్రాజకుడు, అతని శిష్యుడు బ్రహ్మదత్తుడు వస్తున్నారు. గురువు దారిపొడుగునా బుద్ధుణ్ణీ, ధమ్మాన్నీ, సంఘాన్నీ నిందిస్తున్నాడు. శిష్యుడు దారిపొడుగునా పొగుడుతున్నాడు. మర్నాడు తెల్లవారుజామున భిక్షువులు దీని గురించే మాట్లాడుకుంటుండగా బుద్ధుడు వచ్చి కూర్చున్నాడు. ఆయన చెప్పినదాని తాత్పర్యం ఇది. ఎవరైనా నన్ను గాని, ధమ్మాన్ని గాని, సంఘాన్ని గాని నిందిస్తే మీరు కోపం తెచ్చుకోకండి. కోపం వస్తే నష్టం మీకే. అవతలివాడు చెప్పినదాంట్లో ఏది సరి, ఏది కాదు అనేది కోపంలో మీకు తెలియదు. తప్పు చెప్పి ఉంటే, ఇది ఈ కారణం వల్ల తప్పు, మాలో ఇది లేదు అని విప్పి చెప్పండి. పొగిడినా అంతే, పొంగిపోకండి.

మన స్టాఫ్ రూములో ఎర్ర గీతల ఫొటో చూసినప్పుడు నాకు జరిగినది ఇదే. కోపంలో తెలియలేదు. సుత్తం దాన్ని పాపమని అనలేదు, శిక్ష చెప్పలేదు. కోపగించుకున్నవాడికి చూపు పోతుందని చెప్పింది. అది నా మీద ప్రయోగం చేసి చూసినంత నిజం.

అదే సుత్తం తరువాతి భాగంలో ఇతరుల సిద్ధాంతాలు అరవై రెండింటిని ఒకటొకటిగా వివరించాడు బుద్ధుడు. ఆ పక్కనే ఉన్న సామఞ్ఞఫల సుత్తంలో అజాతశత్రువు నోట పూరణ కస్సపుడు, మక్ఖలి గోసాలుడు, అజిత కేసకంబలి వంటి ఆరుగురు గురువుల బోధలు వస్తాయి. అజిత కేసకంబలి పరలోకం లేదన్నవాడు. అతని సొంత గ్రంథం ఒక్కటీ మిగలలేదు. లోకాయతులకు, ఆజీవకులకు అదే గతి పట్టింది. వారు ఏమన్నారో ఈనాడు చరిత్ర విద్యార్థికి కొంతైనా తెలుస్తున్నదంటే అందుకు ఒక ముఖ్య కారణం, వారిని ఖండించిన బౌద్ధులూ జైనులూ వారి మాటలను తమ గ్రంథాల్లో రాసి ఉంచడం.

మన గడ్డతో సంప్రదాయం ముడిపెట్టిన ఆచార్య నాగార్జునుడు 'విగ్రహవ్యావర్తని' రాశాడు. సుమారు డెబ్బై కారికల చిన్న గ్రంథం. అందులో మొదటి ఇరవై కారికలూ ప్రతివాదివే. అన్నీ శూన్యమైతే నీ మాటా శూన్యమే గదా, శూన్యమైన మాట దేన్ని ఖండించగలదు అని అతడు సూటిగా అడుగుతాడు. ఆ ప్రశ్నను నాగార్జునుడు బలహీనపరచలేదు, కత్తిరించలేదు. పూర్తిగా అడగనిచ్చాకే జవాబు మొదలుపెట్టాడు. ఈ గ్రంథం సంస్కృత మూలం భారతదేశంలో మాయమైపోయింది. టిబెటన్, చీనా అనువాదాలు మిగిలాయి. 1930లలో రాహుల్ సాంకృత్యాయన్ టిబెట్‌లోని ఒక విహారంలో సంస్కృత ప్రతిని చూసి, నకలు తెచ్చి ప్రచురించారు. నాగార్జునకొండ లోయలో విహారాల పునాదులు మిగిలాయి, నాగార్జునుడి పుస్తకం మాత్రం హిమాలయాల అవతల దొరికింది. పుస్తకం పోవడమంటే ఏమిటో మనకు ఇంకొకరు చెప్పనక్కర లేదు.

ఇక బాబాసాహెబు. లాహోరులోని జాత్ పాత్ తోడక్ మండల్ తమ 1936 మహాసభకు ఆయనను అధ్యక్షుడిగా పిలిచింది. వారు ప్రభుత్వం కాదు, శత్రువులు కాదు, కులం పోవాలనే సంస్కర్తలు. ప్రసంగం ముందుగా చూసి కొన్ని భాగాలు తీసేయమన్నారు. ఒక్క కామా కూడా మార్చనని ఆయన కబురు చేశారు. సభ రద్దయింది. ఆయన ఆ ప్రసంగాన్ని సొంత ఖర్చుతో 1,500 ప్రతులు అచ్చు వేయించారు. మండల్ వారితో నడిచిన ఉత్తర ప్రత్యుత్తరాలను కూడా అందులోనే ఇచ్చారు. వెల ఎనిమిది అణాలు. అదే 'కులనిర్మూలన'. గాంధీగారు 'హరిజన్' పత్రికలో దాన్ని విమర్శించారు. సంస్కర్తలు తప్పక చదవవలసినదని చెబుతూనే, వెల ఎక్కువైందని కూడా సణిగారు. సరే, 1937లో రెండో కూర్పు వచ్చింది. అందులో బాబాసాహెబు ఏమి చేశారు? గాంధీగారి విమర్శను అనుబంధంగా చేర్చి, దాని పక్కన తన జవాబు అచ్చు వేశారు. తనకు సభాస్థలం నిరాకరించిన ఏడాది గడిచేసరికి తన పుస్తకంలో ప్రతివాదికి స్థలం ఇచ్చారు. ఈనాటికీ ఆ పుస్తకం కొన్నవాడు గాంధీగారి వాదన కూడా కొన్నట్టే. దీన్ని ఆయన నాగార్జునుడి దగ్గర నేర్చుకున్నారని నేననను. కాని దారి అదే.

ఇక్కడ ఎవరో ఒకరు లేచి మనుస్మృతి దహనం సంగతేమిటని అడుగుతారు, అడగాలి కూడా. 1927 డిసెంబరు 25న మహాడ్‌లో మనుస్మృతిని దహనం చేశారు. ఆ తీర్మానం ప్రతిపాదించినవారు సహస్రబుద్ధే అనే బ్రాహ్మణ మిత్రుడు. అయితే చూడండి. తగలబెట్టింది తమ సొంత ప్రతి. ఎవరి ఇంట్లోంచి లాక్కొచ్చింది కాదు. మనుస్మృతిని జప్తు చేయమని బాబాసాహెబు ప్రభుత్వాన్ని కోరలేదు. విదేశీ వస్త్ర దహనంతో దాన్ని పోల్చి, అది ఒక నిరసన చిహ్నమని చెప్పారు. ఆ తర్వాత జీవితాంతం మనుస్మృతిని చదివారు, శ్లోక సంఖ్యలతో సహా ఉదాహరించారు. ఆ పుస్తకమే దొరకకుండా పోయి ఉంటే శూద్రులెవరు అనే ప్రశ్నకు ఆయన అంత బలంగా సమాధానం రాయగలిగేవారా? చేతిలో అధికారం లేనివాడు తన ప్రతిని తాను కాల్చుకోవడానికీ, అధికారం ఉన్నవాడు ఊరందరి ప్రతులనూ లాక్కుపోవడానికీ ఉన్న తేడా నాకు పెద్దదిగా కనిపిస్తుంది. దాన్ని చిన్నదిగా చూసేవారితో వాదించడానికి సిద్ధంగా ఉన్నాను.

రెండో ప్రశ్న ఇంకా బరువైనది. "సార్, మీరు చదువుకున్నారు, పుస్తకానికి పుస్తకంతో జవాబిస్తారు. ఊళ్లో విగ్రహానికి చెప్పుల దండ వేసినప్పుడు మేము ఏ పుస్తకం రాయాలి?" మా ఊరి కుర్రవాడు ఒకడు నన్ను ఇలాగే అడిగాడు. అతనికి నేను చెప్పినది ఇది. విగ్రహానికి చెప్పుల దండ అభిప్రాయం కాదు, ఊళ్లో మన మనుషుల మీద జరగబోయే దాడికి అది ముందు చాటింపు. దానికి చట్టం ఉంది. అత్యాచారాల నిరోధక చట్టానికి 2015లో చేసిన సవరణలో, మనం గౌరవించే దివంగత మహనీయులను మాటలతో గాని రాతలతో గాని అగౌరవపరచడాన్ని కూడా నేరంగా చేర్చారు. ఫిర్యాదు చేయండి, కేసు పెట్టండి. అక్కడ నిందితుడికి పేరుంటుంది, సాక్ష్యం ఉంటుంది, అతని మాట వింటారు, చివరకు న్యాయమూర్తి తీర్పు చెబుతాడు. మనుషులను చంపమని, వెలివేయమని రెచ్చగొట్టే రాతను కూడా నేను ఈ లెక్కలోనే వేస్తాను. ఎవరినీ వినకుండా, కారణం చెప్పకుండా గెజెట్‌లో నాలుగు పంక్తులతో పుస్తకాన్ని మాయం చేసే జప్తు అధికారం వేరు. దాన్ని ఒకసారి మన కోసం వాడమని అడిగితే, మర్నాడు మన పుస్తకం మీద వాడేటప్పుడు వద్దనే నోరు మనకు ఉండదు. ఎందుకంటే ఆ అధికారం ఎప్పుడూ మన చేతుల్లో ఉండదు. ఉన్న కొద్ది రోజులూ మనదనిపిస్తుంది.

ఆ కుర్రవాడు పూర్తిగా ఒప్పుకోలేదు. అగౌరవమంటే ఎంతవరకు, విమర్శ అంటే ఎంతవరకు, ఆ గీత ఎవరు గీస్తారని అడిగాడు. మంచి ప్రశ్న. చట్టంలో ఆ మాట నిజంగానే వెడల్పుగా ఉంది. బాబాసాహెబు రాజకీయ నిర్ణయాలను విమర్శించిన చరిత్రకారుడి మీద దాన్ని ప్రయోగిస్తే మాత్రం నేను ఆ చరిత్రకారుడి పక్షాన సాక్ష్యం చెబుతాను. నాగపూరులో ఆయన మనకిచ్చిన ధమ్మంలో విమర్శకు అతీతుడైన మనిషి లేడు.

సంఘం కార్యవర్గానికి నా మనవి ఒక్కటి. మన విహారం గ్రంథాలయంలో బాబాసాహెబు సంపుటాలున్నాయి, త్రిపిటక అనువాదాలున్నాయి, ఫూలే, పెరియార్ ఉన్నారు. మనల్ని విమర్శించినవారి పుస్తకం ఒక్కటీ లేదు. నిన్న సాయంత్రం వెళ్లి చూసి వచ్చే చెబుతున్నాను. తలుపు పక్క బీరువాలో కింది అర ఖాళీగా ఉంది. దాన్ని వారికి కేటాయించండి. నెలకొక ఆదివారం ఆ అరలోంచి ఒక పుస్తకం తీసి, మొదటి గంట దాని వాదనను రచయిత పక్షాన నిలబడి చెప్పడం, రెండో గంట జవాబివ్వడం పెట్టుకుందాము. జవాబు కుదరని చోట కుదరలేదని రాసిపెట్టుకుందాము.

మొదటి ఆదివారానికి పుస్తకం నేను తెస్తాను. పదేళ్ల కిందట చదవకుండా సంతకం పెట్టానే, అదే. పూనా ఒడంబడిక అధ్యాయంలో తప్పుల పక్కన పెన్సిలుతో గుర్తులు పెట్టి ఉంచాను. ఆనాడు నా దగ్గరకు వచ్చిన ఇద్దరు విద్యార్థుల్లో ఒకరు ఈ సభలోనే ఉన్నారు. మొదటి గంట వారు మాట్లాడటానికి ఒప్పుకున్నారు.